పరిచయాల పట్టిక: ఒక ఫ్రీలాన్స్ రచయిత ప్రాజెక్టు డైరీ

చెల్లాచెదురుగా ఉన్న వృత్తి పరిచయాలను ఒక పట్టికలోకి తెచ్చి, వాటిని వాడుకలో ఉంచడం ఈ ప్రాజెక్టు పని. ఇలాంటిదే చేయబోయేవాళ్లు దీన్ని యథాతథంగా కాపీ కొట్టొచ్చు. పని చేయని దశల దగ్గర ఎక్కువ రాశాను, టైము ఎక్కువ పోయేది అక్కడే.

కొలిచినవి మూడే: పంపినవి, జవాబులు, పని. మనిషి కూర్చుని రాసిన వాక్యం ఒక్కటైనా ఉంటేనే జవాబు. "సెలవులో ఉన్నాను" అని మెషీను పంపేది లెక్కలోకి రాదు. డబ్బు చేతికొస్తేనే పని. "తప్పకుండా చూద్దాం" అన్నది పని కాదు.

దశ 1: ఉన్నవి పోగు చేయడం

మూడు చోట్ల నుంచి తెచ్చాను: ఫోన్ కాంటాక్టులు, మెయిల్‌లో 'సెంట్' ఫోల్డరు, లింక్‌డ్‌ఇన్ నుంచి దించుకున్న కనెక్షన్ల ఫైలు. లింక్‌డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో మన డేటా కాపీ అడిగితే ఆ సీఎస్‌వీ ఫైలు (గడులను కామాలతో విడదీసిన పట్టిక) ఇస్తుంది. అందులో మెయిల్ చిరునామా గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, ఎదుటివాళ్లు చూపడానికి ఒప్పుకుంటే తప్ప రాదు. ఫైలు పైన రెండు మూడు వరసల్లో ఏదో వివరణ ఉంటుంది. దాన్ని తీసేయకపోతే కాలమ్ పేర్లు తప్పు వరసలో పడతాయి.

మొదటి అడ్డంకి: ఫైలుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. ఫైలు బాగానే ఉంది, తెరిచిన తీరు తేడా. సరిచేసిన పద్ధతి:

1. ఎక్సెల్‌లో ఖాళీ షీటు తెరవాలి.
2. డేటా ట్యాబ్‌లో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే ఆప్షన్ నొక్కాలి.
3. ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001, యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

గూగుల్ షీట్స్‌లోకి ఇంపోర్టు చేస్తే ఈ తంటా లేదు. చివరికి అక్కడికే మారాను.

రెండో అడ్డంకికి ఎక్కువ సమయం పట్టింది. రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేయమంటే కొన్ని పోలేదు. కంటికి రెండూ ఒకటే. తీరా చూస్తే ఒక పేరులో పొల్లు తర్వాత కనపడని అక్షరం ఉంది, రెండోదానిలో లేదు. 'రాజ్‌కుమార్' లాంటి పేర్లలో 'జ్', 'కు' కలిసిపోయి వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. కంప్యూటరుకి అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనికార్ 8204 ఇచ్చి పక్క కాలమ్‌లో దాన్ని తుడిచేశాక పోల్చితే సరిపోయింది. దీనికన్నా తేలిక దారి, పేర్లు వదిలేసి మెయిల్ చిరునామాతో పోల్చడం. అది లేనివాళ్లకి ఫోన్ నంబరు.

మిగిలినవాళ్లలో ఒక్కొక్కరి ఎదురుగా "ఎక్కడ పరిచయం" అని ఒక్క వాక్యం రాశాను. రాయలేకపోతే ఆ పేరు వేరే ట్యాబ్‌కి పోయింది. పట్టిక సగానికి పైగా ఇక్కడే రాలిపోయింది.

లెక్క ఇప్పటికి:
మొత్తం వరసలు 640
డూప్లికేట్లు తీశాక 471
"ఎక్కడ పరిచయం" రాయగలిగినవి 163

దశ 2: కొత్తవాళ్లకి మెయిళ్లు

పరిచయం లేని ఎడిటర్లకు, సంస్థల్లో కంటెంట్ చూసేవాళ్లకు యాభై మెయిళ్లు పంపాను. మూడు జవాబులొచ్చాయి, మూడూ మర్యాదకు. పని సున్నా.

ఉత్తరం బాగాలేదేమో అని దాన్ని తిరగరాసే ముందు, అసలు చేరిందా లేదా అన్నది చూడాలి. నా మెయిల్ సొంత డొమైన్ మీద ఉంది. నాదే ఒక జీమెయిల్ ఖాతాకి పంపి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కితే మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పరీక్షలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు, పక్కన పాస్ లేదా ఫెయిల్ కనిపిస్తాయి. నాకు ఒక్కటీ పాస్ కాలేదు.

కారణం డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలు ఇంటర్నెట్‌కి చెప్పే రికార్డుల్లో ఉంది. మెయిల్ సర్వీసు పెట్టుకున్నప్పుడు ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు (మన డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే వరస) పెట్టాను. తర్వాత న్యూస్‌లెటర్ సర్వీసు చేర్చుకున్నప్పుడు, దాని సూచనల ప్రకారం ఇంకొకటి. ఒక డొమైనుకి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండుంటే నియమం ప్రకారం రెండూ చెల్లవు, పర్మ్‌ఎర్రర్ (శాశ్వత లోపం) వస్తుంది. రెండింట్లోని 'ఇన్‌క్లూడ్' భాగాలను ఒకే రికార్డులోకి చేర్చి రెండోది తీసేశాను. ఇలా చేర్చుకుంటూ పోతే ఇంకో గోడ ఉంది: ఒక రికార్డు కోసం డీఎన్ఎస్‌ని పదిసార్లకు మించి వెతికించకూడదు.

డీకిమ్ అంటే పంపేవాళ్ల సంతకం. మెయిల్ సర్వీసు ఇచ్చే తాళం వరసను డీఎన్ఎస్‌లో అతికించి, సర్వీసు సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. నేను అతికించి ఆన్ చేయలేదు. డీమార్క్ అంటే ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది. దాన్ని మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) విధానంతో పెట్టి, వచ్చే నివేదికలు కొన్నాళ్లు చూశాక బిగించడం మంచిది.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. పెద్ద ఎత్తున పంపేవాళ్లకి (గూగుల్ లెక్కలో జీమెయిల్ ఖాతాలకు రోజుకి 5000, అంతకు పైగా) మూడూ తప్పనిసరి. మనలాంటి చిన్నవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. నాకు ఒకటీ లేదు. ఇక ఉత్తరం ఎంత బాగుంటే ఏం లాభం.

ఇదే దశలో తీసేసింది ఇంకొకటి: మెయిల్ తెరిచారో లేదో చెప్పే ట్రాకింగ్. పట్టికలో సగానికి పైగా "తెరిచారు" అని ఆకుపచ్చగా కనిపిస్తుంటే హుషారుగానే ఉంటుంది. కానీ యాపిల్ 2021లో తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్, మనిషి చూసినా చూడకపోయినా మెయిల్‌లోని బొమ్మలను, ట్రాకింగ్ వాడే కనపడని బొమ్మతో సహా, ముందే దించేస్తుంది. అప్పుడు తెరిచినట్టే నమోదవుతుంది. ఆ ఆకుపచ్చ గడిని నమ్మి "చదివారు కదా, ఇంకోసారి గుర్తుచేద్దాం" అనుకోవడం దండగ. కాలమ్ మొత్తం చెరిపేశాను.

డీఎన్ఎస్ సరిచేశాక ఉత్తరంలో అక్షరం మార్చకుండా ఇంకో ముప్ఫై పంపాను. ఒకేసారి రెండు మార్చితే ఏది పని చేసిందో తెలియదు. ఈసారి అయిదు జవాబులు, ఒక పని.

లెక్క ఇప్పటికి:
పంపినవి 80
జవాబులు 8
పని 1

దశ 3: ఉత్తరం మార్చడం

పాత ఉత్తరం ఇది:

"నమస్కారం. నేను ఫ్రీలాన్స్ రచయితని. ఆరోగ్యం, విద్య, సాంకేతికత, జీవనశైలి అంశాలపై రాస్తాను. మీ దగ్గర అవకాశం ఉంటే తెలియజేయగలరు."

ఇందులో ఎదుటివాళ్లు చేయాల్సిన పని ఎక్కువ. నాకు ఏ అంశం సరిపోతుందో వాళ్లే ఆలోచించాలి, నా పాత రాతలు వాళ్లే వెతకాలి. డెస్క్ మీద ఉన్నవాళ్లకి అంత తీరిక ఎక్కడిది?

కొత్తది:

"నమస్కారం. వినికిడి యంత్రాల మీద మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కొన్నాక వాడటం మానేసేవాళ్ల సంగతి అందులో రాలేదు. ఒక ఆడియాలజిస్టు, మానేసినవాళ్లు ఇద్దరు మాట్లాడతామన్నారు. 900 పదాల్లో, మీరు ఒప్పుకున్న నాటి నుంచి పది రోజుల్లో ఇవ్వగలను. ఇదే తరహాలో రాసినవి రెండు కింద ఉన్నాయి."

మార్పులు వరసగా:

1. నేను ఎవరో చెప్పే వాక్యం పోయింది. కింద సంతకంలో ఉంటుంది.
2. వాళ్లు ప్రచురించిన ఒక వ్యాసం, అందులో మిగిలిపోయిన కోణం.
3. మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లు. వాళ్లను అడక్కముందే రాస్తే తర్వాత ఇరుక్కుంటాం.
4. పదాల సంఖ్య, గడువు.
5. క్లిప్పింగులు రెండే. ఎనిమిది పెడితే ఒక్కటీ నొక్కరు.

సబ్జెక్టు గీతలో 'పిచ్' (వ్యాసం ప్రతిపాదన) అన్న మాటతో మొదలుపెట్టి, విషయంలోని ముఖ్యమైన మాటను ముందుకు తెచ్చాను. ఫోన్ తెర మీద గీత సగంలో తెగిపోతుంది కాబట్టి, "ఒక చిన్న విన్నపం" లాంటివి ముందు పెడితే అసలు సంగతి తెర దాటిపోతుంది.

ముప్ఫై పంపితే ఏడు జవాబులు, ఒక పని. ముప్ఫైకి అయిదు నుంచి ఏడు కావడం చెప్పుకోదగ్గ తేడా కాదు. ఇంత చిన్న లెక్కల్లో అది యాదృచ్ఛికం కూడా కావచ్చు. జవాబుల తీరు మాత్రం మారింది. మొదట్లో "మీ వివరాలు దాచుకున్నాం" అని వచ్చేవి. ఇప్పుడు "ఇది మాకు సరిపోదు, ఆసుపత్రుల కోణం ఉంటే పంపండి" అని వచ్చాయి. రెండో రకం వాళ్లు పట్టికలో ఉండాల్సినవాళ్లు.

ఒక ఎడిటరు రాసింది పనికొచ్చింది: మీ రెండో లింకు తెరుచుకోవడం లేదని. వెంటనే పాత క్లిప్పింగుల లింకులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూశాను. సైటు రూపం మార్చినప్పుడు కొన్నిటి చిరునామా మారింది, ఒక సైటు మొత్తంగా మూతపడింది. కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. అప్పటి నుంచి వ్యాసం వచ్చిన రోజే రెండు పనులు: వేబ్యాక్‌లో 'సేవ్ పేజ్ నౌ', కంప్యూటర్లో పీడీఎఫ్. ఆ పీడీఎఫ్‌ని అందరికీ కనపడేలా పెట్టాలంటే ముందు ఒప్పందంలో హక్కులు ఎవరివో చూసుకోవాలి. అడిగిన ఎడిటరుకి మెయిల్‌లో పంపడం వేరు.

లెక్క ఇప్పటికి:
పంపినవి 110
జవాబులు 15
పని 2

దశ 4: పాత ఇన్వాయిస్‌లను వెనక్కి తవ్వడం

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే పై రెండు దశలూ పక్కనపెట్టి ఇక్కడ మొదలుపెట్టండి.

110 మెయిళ్లకు రెండు పనులు. మరి ఇన్నాళ్లూ వచ్చిన పనులు ఎలా వచ్చినట్టు? ఈ ప్రాజెక్టుకి ముందువి, వరసగా 22 ఇన్వాయిస్‌లు తీసి, ఒక్కొక్కదానికి ఆ పని నాదాకా ఎవరి ద్వారా వచ్చిందో రాశాను. గుర్తులేని చోట మెయిల్ దారాన్ని మొదటి ఉత్తరం దాకా లాక్కెళ్లాను. ఉన్న క్లయింటే మళ్లీ ఇచ్చినవి 9 తీసేస్తే, కొత్త చోటు నుంచి వచ్చినవి 13. వాటి మూలాలు:

తోటి రచయితలు, అనువాదకులు, సబ్ ఎడిటర్లు చెప్పగా: 6
పాత క్లయింటు వేరే చోటికి మారి పిలిచినవి, లేదా వాళ్లు ఇంకొకరికి చెప్పినవి: 4
బైలైన్ (వ్యాసం మీద నా పేరు) చూసి వెతుక్కుంటూ వచ్చినవి: 2
తెలియనివాళ్లకి నేను రాసిన మెయిల్ ద్వారా: 1

నా పట్టికలో తోటి రచయితలు ఒక్కరూ లేరు. వాళ్లు పని ఇచ్చేవాళ్లు కాదు కదా అని రెండో ట్యాబ్‌లోకి పోయారు. నిజానికి చేతినిండా పని ఉన్న రచయితకే మిగులు పని వస్తుంది, అది ఎవరో ఒకరికి అప్పజెప్పాలి. ఎడిటరు "మీకు వీలుకాకపోతే ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగేది కూడా వాళ్లనే.

సమాజశాస్త్రంలో దీనికి పాత ఆధారమే ఉంది. మార్క్ గ్రనోవెటర్ 1973 పరిశోధనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన 54 మందిని అడిగితే, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. రోజూ మాట్లాడేవాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్‌డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద జరిపిన ప్రయోగాలను పరిశీలించి, ఓ మోస్తరు బలహీనమైన బంధాలు ఎక్కువ పనికొచ్చాయని తేల్చింది. మరీ బలహీనమైనవి అంతగా కాదు. రెండోది ముఖ్యం. ఎప్పుడో ఓ బటను నొక్కితే చేరిన పేరు పరిచయం కాదు.

పట్టిక కాలమ్‌లు మొత్తం మార్చాను:

1. పేరు
2. ఎక్కడ పరిచయం
3. ఎవరి ద్వారా
4. చివరిసారి మాట్లాడిన తేదీ
5. ఆ మాట ఎవరు కదిపారు (నేను / వాళ్లు)
6. నేను ఇస్తానని ఇవ్వనిది
7. తర్వాతి తేదీ

"హోదా", "సంస్థ స్థాయి", "అవకాశం ఎంత శాతం" అన్న పాత కాలమ్‌లు పోయాయి. అయిదోది చాలా విషయం చెబుతుంది. వరసగా మూడుసార్లు నేనే కదిపి ఉంటే, నాలుగోసారి కదపను. ఆరోదాన్ని నింపుతుంటే కొంచెం సిగ్గేసింది: ఒకరికి చదువుతానన్న వ్యాసం, ఇంకొకరికి పంపుతానన్న నంబరు. ముందు అవి తీర్చాను, ఆ తర్వాతే మెయిళ్లు.

163 మందిలో చాలాకాలంగా మాట లేని నలభై మందికి రాశాను. పని అడగలేదు. కలిసి చేసిన ఒక పని గుర్తుచేసి, వాళ్ల అంశానికి సంబంధించిన లింకు ఏదైనా ఉంటే పెట్టి, నేను ఇప్పుడు ఏం రాస్తున్నానో ఒక్క వాక్యం, వాళ్లు ఏం చూస్తున్నారని ఒక ప్రశ్న. నలభైలో 26 జవాబులు, 7 మౌనం, 7 తిరిగొచ్చాయి. పనులు అయిదు.

లెక్క ఇప్పటికి:
పంపినవి 150
జవాబులు 41
పని 7

దశ 5: గుంపులు, చిన్న గుంపు

పెద్ద వాట్సాప్ గుంపుల గురించి రెండు మాటలు చాలు. ఒక గుంపులో 1024 మంది దాకా పడతారు. "రచయితలు కావాలి" అని ఒక సందేశం పడగానే ఎవరు వేగంగా నొక్కితే వాళ్లకే. అలా వచ్చే పనికి ధర కూడా అలాగే ఉంటుంది. రెండు గుంపుల్లోంచి బయటికొచ్చాను.

పని చేసింది అయిదుగురి గుంపు: రచయితలం ఇద్దరం, ఒక అనువాదకురాలు, ఒక సబ్ ఎడిటరు, ఒక ప్రూఫ్ రీడరు. ఒకరి పని ఇంకొకరు లాక్కునే వీలు తక్కువ. ఎవరు ఎన్నాళ్లకి డబ్బిస్తున్నారు, ఏ ఒప్పందంలో హక్కులన్నీ రాసివ్వమంటున్నారు, రాయించుకుని వేయకపోతే కిల్ ఫీ ఇస్తున్నారా, ఇవే మాటలు. అందరం కలిసి ఒక రేటు ఖాయం చేద్దామన్న ఆలోచన వస్తే మాత్రం ముందు మీ దేశపు పోటీ చట్టం చూసుకోవాలి. ఫ్రీలాన్సర్లను చట్టం ఎవరికి వారు వ్యాపారులుగా చూస్తే అది చిక్కే. ఐరోపా కమిషన్ 2022లో ఒంటరి స్వయం ఉపాధి వారికి కొంత వెసులుబాటిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది, అన్ని చోట్లా అలా లేదు.

ఇక్కడ ఎదురైన తేడా పని చేతులు మారడంలో. తెలిసిన ఒకరు నన్ను అడక్కుండా నా నంబరు ఒక సంస్థకి ఇచ్చారు, రెండు రోజుల్లో అయిపోతుందని మాట కూడా వాళ్లే ఇచ్చేశారు. నేను కుదరదంటే ఇద్దరి పరువూ పోయేలా తయారైంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు. అప్పుడు గుంపులో రాసుకున్న పద్ధతి:

1. ముందు రచయితను అడగాలి: అంశం, నిడివి, గడువు, తెలిస్తే పారితోషికం.
2. సరే అన్నాక ఎడిటర్ని అడగాలి.
3. ఇద్దరూ ఒప్పుకుంటే ఒకే మెయిల్‌లో కలపాలి. ఈ మనిషి రాసినదాంట్లో నేను స్వయంగా చూసింది ఏమిటో ఒక్క వాక్యం.
4. అక్కడితో దారంలోంచి తప్పుకోవాలి.

కమిషన్ తీసుకోవాలా అన్న చర్చ వచ్చింది. వద్దన్నాను. కమిషన్ మొదలైతే సరైన మనిషికి కాక, ఎక్కువ ఇచ్చేవాళ్లకి పని పోతుంది. ఒకరు ఇంకా ఒప్పుకోలేదు.

తేదీల కాలమ్‌లో కూడా ఒక మరమ్మతు. చివరి తేదీకి 90, 180 లేదా 365 రోజులు కలిపితే తర్వాతి తేదీ వస్తుంది. పట్టిక ఒకేసారి నింపడం వల్ల రిమైండర్లన్నీ ఒకే వారంలో మీదపడ్డాయి. ర్యాండ్‌బిట్వీన్ ఫంక్షన్‌తో సున్నా నుంచి ఇరవై రోజులు అదనంగా కలిపాను. షీటులో ఎక్కడ ఏది మార్చినా ఆ ఫంక్షన్ మళ్లీ కొత్త అంకె వేస్తుంది, తేదీలు గంతులేస్తాయి. అంకెలను కాపీ చేసి, 'వ్యాల్యూస్ ఓన్లీ' పద్ధతిలో అక్కడే అతికించాక నిలబడ్డాయి.

లెక్క ఇప్పటికి:
పంపినవి 150
జవాబులు 41
పని 11 (చిన్న గుంపు ద్వారా 4)
నేను ఇతరులకి అప్పజెప్పినవి 3

దశ 6: తిరిగొచ్చిన ఏడు మెయిళ్లు

తిరిగొచ్చినవాటిని చెరిపేయబోయి ఆగాను. తిరుగు సందేశంలో అంకెలుంటాయి. నాలుగుతో మొదలైతే తాత్కాలికం, సర్వరు మళ్లీ ప్రయత్నిస్తుంది. 550 5.1.1 అని ఉంటే ఆ చిరునామా ఇక లేదు, అంటే మామూలుగా ఆ మనిషి అక్కడ మానేసినట్టు. నావి ఏడూ ఆ రకమే.

ఎడిటరు మారితే రెండు తలుపులు కనిపిస్తాయి: వాళ్లు వెళ్లిన కొత్త చోటు, ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి. ఏడుగురిలో అయిదుగురు ఎక్కడికి వెళ్లారో దొరికింది. వాళ్లకి రాస్తే నాలుగు జవాబులు, ఒక పని. పాత కుర్చీల్లోకి వచ్చిన ఏడుగురికీ రాశాను, "ఇంతకుముందు మీ పత్రికకి ఫలానావి రాశాను" అని. జవాబులు మూడు, పని ఇంకా లేదు.

లెక్క ఇప్పటికి:
పంపినవి 162
జవాబులు 48
పని 12

పెండింగ్‌లో ఉన్నవి: డబ్బు ఎన్ని రోజులకి వచ్చిందో రాసే కాలమ్, దొరకని ఇద్దరు పాత ఎడిటర్లు, గుంపులో కమిషన్ సంగతి. ఆరో కాలమ్‌లో ఇంకా ఒక గడి నిండి ఉంది, అనువాదకురాలికి చదువుతానన్న పన్నెండు పేజీలు. అవి ఈ వారం అయ్యేదాకా కొత్త మెయిళ్లు ఆపాను.